శేషం వెండితెర మీద

మా ఇంట్లో సినిమాను ముందు చదివేవాళ్లం, తర్వాత వినేవాళ్లం. చూడటం ఎప్పటికో కుదిరేది.

చదవడమంటే పాటల పుస్తకం. సినిమా హాలు దగ్గర, తిరునాళ్లలో, తెనాలి బజారులో చాపలు పరిచి అమ్మేవాళ్లు. నాసిరకం కాగితం, ఒకే రంగు సిరాతో అచ్చయిన అట్ట, దాని మీద నాయికా నాయకుల ముఖాలు మసకమసకగా. లోపల తారాగణం, సాంకేతిక వర్గం, పాటలు. వాటికి ముందు పేజీన్నర కథాసంగ్రహం. ఆ కథ సరిగ్గా ముడి బిగుసుకునే చోట ఆగిపోయేది. నాయకుడు చెరసాలలో ఉంటాడు, నాయికకు మరొకరితో ముహూర్తం పెట్టేస్తారు, అంతే, ‘శేషం వెండితెరపై చూడండి’ అని ఉండేది. అవి ఎవరు రాసేవారో పేరు వేసేవారు కాదు. కానీ సినిమా గురించి ఎంత చెప్పాలో, ఎక్కడ నోరు మూసుకోవాలో వాళ్లకు తెలిసినంతగా ఇప్పుడు సమీక్షలు రాసే చాలామందికి తెలియదు. అమ్మ ట్రంకు పెట్టె అడుగున పట్టుచీరల కింద ఆ పుస్తకాలు కట్టగట్టి ఉండేవి. నేను కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నది పెద్దబాలశిక్షలో అని నాన్న అందరికీ చెప్పేవారు. నిజానికి ఆ కట్టలోనే.

వినడమంటే రేడియో. విజయవాడ కేంద్రం నుంచి ‘సంక్షిప్త శబ్దచిత్రం’ అని వచ్చేది. మూడు గంటల సినిమాను గంటకు కుదించి, మాటలూ పాటలూ మాత్రమే వినిపించేవారు. బొమ్మ మనమే వేసుకోవాలి. ‘పాతాళభైరవి’లో నేపాళ మాంత్రికుడి గొంతు నేను మొదట విన్నది అలాగే. ఆ గొంతుకు నేను కల్పించుకున్న మనిషి సన్నగా, పొడుగ్గా, తాటిచెట్టంత ఉండేవాడు. కొన్నేళ్లకు తెర మీద ఎస్వీ రంగారావును చూసినప్పుడు, నా మాంత్రికుడు ఈయన ముందు పనికిరాడని ఒప్పుకోవలసి వచ్చింది. గొంతును సాగదీసి, విరిచి, ‘డింభకా’ అనే పిలుపును నాలుక మీద నానబెట్టి వదిలే ఆ పద్ధతికి అంత నిండైన మనిషే కావాలి.

చూడటమంటే టూరింగ్ టాకీస్. మా ఊరి చివర, కాలువ గట్టు పక్కన డేరా వేసేవాళ్లు. నేల, బెంచి, కుర్చీ. నేల టిక్కెట్టు వాళ్లం ముందుగా వెళ్లి ఇసుకను దగ్గరకు లాగి కుప్ప చేసుకుని దాని మీద కూర్చునేవాళ్లం. వెనకవాడు తిట్టేవాడు, వాడూ అదే పని చేసేవాడు. మైకులో ఘంటసాల ‘నమో వెంకటేశా’ మొదలైతే ఊళ్లో ఆడవాళ్లు వంట ముగించి పరుగున బయల్దేరేవారు. ఆ పాట అయిపోతే ఆట మొదలవుతుందని లెక్క. ఉన్నది ఒక్కటే ప్రొజెక్టరు కాబట్టి రీలు మార్చినప్పుడల్లా దీపాలు వెలిగేవి. వేరుశెనగకాయలూ, గోలీసోడాలూ, మురుకులూ ఆ వెలుగులోనే అమ్ముడుపోయేవి. డేరా వెనక ఆయిల్ ఇంజను చప్పుడు మాత్రం ఆగేది కాదు.

ఆ విశ్రాంతుల వల్ల ఒక మేలు జరిగింది. తర్వాతి రీలు ఎక్కేలోగా అప్పటిదాకా చూసిన దాని మీద జనం తీర్పులు చెప్పుకునేవారు. మా అమ్మమ్మ అందులో దిట్ట. ఆవిడకు చదువు రాదు, నటీనటుల పేర్లు కూడా సగం తెలియవు. ఎస్వీ రంగారావును ఏ సినిమాలోనైనా ‘ఆ పెద్దాయన’ అనేది, రమణారెడ్డిని ‘పుల్లలాంటివాడు’ అనేది. కానీ కథ ఎక్కడ తప్పు తోవ పట్టిందో వెంటనే పసిగట్టేది. ఒక సాంఘిక చిత్రంలో నాయిక కష్టాల్లో ఉండి కూడా పూటకో చీర మార్చుతుంటే, ‘కష్టాలు ఆ పిల్లవి కావు, మనవి’ అంది. చుట్టుపక్కల చాపలన్నీ నవ్వాయి. కొడవటిగంటి కుటుంబరావు గారి సినిమా వ్యాసాలు చాలా ఏళ్ల తర్వాత చదువుతుంటే, ఎక్కడా మొహమాటపడని ఆ తర్కం నాకు కొత్తగా అనిపించలేదు. ఆయనా తెనాలివారే కదా, మా వైపు నీళ్లలో ఏదో ఉందని సరిపెట్టుకున్నాను.

మా ప్రాంతానికి సినిమా పిచ్చి కాస్త ఎక్కువే. విజయా సంస్థ నిర్మాత చక్రపాణి తెనాలి మనిషి. నటుల్లో గుమ్మడిది రావికంపాడు, జగ్గయ్యది మోరంపూడి, కృష్ణది బుర్రిపాలెం, అన్నీ తెనాలి చుట్టుపక్కలవే. సావిత్రి పుట్టిన చిర్రావూరు కూడా గుంటూరు జిల్లాయే. అందుకని తెర మీద గుమ్మడి కనిపించగానే ‘మనాయన’ అని ఎవరో ఒకరు అనేవారు. అక్కడితో ఆగకుండా, తమకు ఆయన ఏ వరసలో చుట్టమో కూడా చెప్పేవారు. నమ్మితే నమ్మాలి.

‘మాయాబజార్’ నేను మొదట చూసింది ఆ డేరాలోనే. అది విడుదలైంది 1957 మార్చిలో, నేను పుట్టడానికి చాలా ముందు. మా ఊరికి వచ్చిన కాపీ ఎన్ని ఊళ్లు తిరిగొచ్చిందో, తెర నిండా వాన కురుస్తున్నట్లు గీతలు. అయినా ఎవరికీ పట్టలేదు. పిల్లలకు ఆ సినిమా అంటే వివాహ భోజనం. లడ్డూలు గాల్లో లేచి ఘటోత్కచుడి నోట్లోకి వెళ్తుంటే, మా ముందు కూర్చున్న పిల్లవాడొకడు నోరు తెరిచి తెర వైపు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. నాకూ అప్పుడు ఆ సినిమా అంతే. గాల్లో లేచే లడ్డూలు, ‘గింబళి’ అనే మాయ కంబళి, మాయ తల్పం.

ఇంటర్మీడియట్ వయసులో చూస్తే అది ప్రేమకథ అయింది. లాహిరి పాట తప్ప మరేదీ గుర్తులేదు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ ఆ వెన్నెలను పగటి వెలుతురులోనూ స్టూడియో దీపాల కిందా పుట్టించారని అప్పటికి తెలియదు, తెలిసినా వినిపించుకునే వయసు కాదు. అభిమన్యుడూ శశిరేఖా పడవలో ఉన్నంతవరకే నా దృష్టి. ఆ తర్వాత కృష్ణుడూ రుక్మిణీ వస్తారు, బలరాముడూ రేవతీ వస్తారు, ఒకే పాట మూడు జంటల మీదుగా, మూడు వయసుల మీదుగా సాగుతుంది. ఆ సంగతి నేను గమనించింది పెళ్లయ్యాకే. గడుసుగా తప్పుకునే కృష్ణుడి మీద కన్నా, ఇంత వయసొచ్చీ భార్యతో పడవెక్కిన బలరాముడి మీద ఇప్పుడు నాకు అభిమానం. ఆ బలరాముడు గుమ్మడి. కృష్ణుడిగా వేసిన ఎన్టీఆర్‌కు అన్నగా వేశారు గానీ, ఎన్టీఆర్ 1923లో పుడితే గుమ్మడి 1927లో. నాలుగేళ్ల చిన్నవాడు, ముప్ఫై కూడా నిండలేదు. ఆ పెద్దరికమంతా గొంతులోంచి, మెడ తిప్పే తీరులోంచి తెచ్చుకున్నదే.

ఇక రాయడం సంగతి. గుంటూరులో డిగ్రీ చదివేటప్పుడు మా కాలేజీలో గోడపత్రిక ఉండేది. తెలుగు మేష్టారు దాని బాధ్యత చూసేవారు. నేను ‘మల్లీశ్వరి’ మీద రెండు పేజీలు రాసి ఇచ్చాను. మహోన్నతం, అజరామరం, న భూతో న భవిష్యతి, ఆ బాపతు. ఆయన చదివి, కాగితం తిరిగి నా చేతిలో పెట్టి, ‘నీకెంత నచ్చిందో తెలిసింది. సినిమాలో ఏముందో రాసుకురా’ అన్నారు. మళ్లీ ఎప్పుడు చూస్తాం? అప్పట్లో పాత సినిమా చూడాలంటే మనం అనుకుంటే సరిపోదు. ఏదో ఒక హాల్లో ఉదయం ఆటగా రావాలి, లేదా దూరదర్శన్ దయతలచాలి. వీసీఆర్ అద్దెకు తెచ్చుకుందామంటే ఆ షాపుల్లో కొత్త సినిమాలే ఉండేవి. అందుకని ఆకలిగా ఎదురుచూసి, దొరికినప్పుడు కళ్లు విప్పార్చుకుని చూసేవాళ్లం. ఆదివారం మధ్యాహ్నం జాతీయ ప్రసారంలో ఏ భాషా చిత్రం వస్తే అది, కింద ఇంగ్లీషు అక్షరాలతో. ఎన్నో వారాల తర్వాత ఎప్పుడో మన వంతు వచ్చేది. ఆ రోజు వీధిలో టీవీ ఉన్న ఇంటివాళ్లకు మధ్యాహ్నం నిద్ర లేనట్లే.

‘మల్లీశ్వరి’ నాకు మళ్లీ దొరికింది విజయవాడలో ఒక ఉదయం ఆటలో. ఈసారి నోటుబుక్కుతో వెళ్లాను. చీకట్లో రాసిన అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడి తర్వాత నాకే అర్థం కాలేదు గానీ, రాయాలనే ఉద్దేశంతో కూర్చోవడం వల్ల చూపు మారింది. బి.ఎన్. రెడ్డి 1951లో తీసిన ఆ సినిమాలో దుర్మార్గుడు లేడు. అది నాకు అంతకు ముందు తట్టలేదు. వాన కురుస్తున్న రాత్రి తలదాచుకున్న చోట, మారువేషంలో ఉన్న రాయలవారి ముందు మల్లి నాట్యం చేస్తుంది. ఆయన ఎవరో తెలియని నాగరాజు, రాజుగారికి చెప్పి మా మల్లికి పల్లకీ పంపించమని వేళాకోళమాడతాడు. పల్లకీ వస్తుంది. అప్పటికి నాగరాజు ఊళ్లో ఉండడు, మల్లిని చేసుకోవడానికి డబ్బు సంపాదించుకొస్తానని వెళ్లి ఉంటాడు. రాయలు చెడ్డవాడు కాదు, గౌరవం చేస్తున్నాననే అనుకుంటాడు. తల్లికి ఆశ ఉంది, అది ఏ తల్లికైనా ఉండేదే. ఎవరినీ తిట్టుకోవడానికి వీల్లేని కథ. కుర్రతనపు పరాచికం రెండు బతుకులను అంతఃపురం గోడకు అటూ ఇటూ పడేస్తుంది. ఈ ముక్కే అమ్మమ్మతో అంటే, ‘రాజుతో ఎగతాళేమిటి మరి?’ అని తేల్చేసింది. నేను రెండు పేజీలు రాశాను, ఆవిడకు మూడు మాటలు సరిపోయాయి.

మల్లిగా భానుమతి ఆ సినిమాలో ఎంత తక్కువ చేస్తారో గమనించండి. అంతఃపురంలో పల్లకీ దిగాక ఆమె నడక నెమ్మదిస్తుంది, చూపు కిందికి వాలుతుంది, అంతకు ముందు గట్టు మీద గెంతిన పిల్ల ఆమెలో ఎక్కడో దాక్కుంటుంది. దేవులపల్లి కృష్ణశాస్త్రి సినిమాకు పాటలు రాయడం దీనితోనే మొదలు. సాలూరి రాజేశ్వరరావు బాణీల గురించి కొత్తగా చెప్పగలిగినవాళ్లు నాకంటే సంగీతం తెలిసినవాళ్లు. నాకు కనిపించింది ఒకటే. నది ఒడ్డున వాళ్లిద్దరూ కలుసుకునే పాటలో భానుమతి గొంతు ఎక్కడా పెద్దది కాదు. కాపలావాళ్లు వింటారనే భయం ఆ పాడే తీరులోనే ఉంది. మైకులో పాత పాటల పోటీ పెట్టి ఆ పాటను గొంతెత్తి పాడేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఆ రెండో వ్యాసాన్ని మేష్టారు గోడకు ఎక్కించారు. అప్పటి నుంచీ అలవాటైపోయింది. చిన్న పత్రికలు అడిగినప్పుడు రాశాను, అడగకపోయినా రాశాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆదివారాలు దానికే. కొత్త సినిమాల జోలికి పోలేదు. వాటి మీద రాసేవాళ్లకు కొదవలేదు, పైగా కొత్త సినిమాకు సమీక్ష అంటే చూడవచ్చా వద్దా అని చెప్పడం. పాత సినిమాకు ఆ బెడద లేదు. అందరూ చూసేశారు. మాటలు కంఠతా వచ్చు. తెర మీద సావిత్రి పెదవి కదపకముందే పక్కనున్న బావగారు ఆ మాట అనేస్తారు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. అంత బాగా తెలిసిన సినిమాను ఇక ఎవరూ చూడరు. గుర్తు చేసుకుంటారు, అంతే.

ఈ చిక్కు నుంచి బయటపడటానికి నేను పట్టుకున్న ఉపాయం, చప్పుడు లేకుండా చూడటం. వీడియో చేతికొచ్చాక ఇది కుదిరింది. రచయిత పింగళి మాటలు వినపడకపోతే ‘మాయాబజార్’లో ఏం మిగులుతుందని మా ఆవిడ వెక్కిరించింది. సావిత్రి మిగిలింది.

ఘటోత్కచుడు శశిరేఖ వేషంలో ఉండే సన్నివేశాలు చప్పుడు లేకుండా చూడండి. అక్కడ సావిత్రి నటిస్తున్నది శశిరేఖను కాదు, ఆడపిల్లలా ఉండటం చేతకాక అవస్థపడే ఎస్వీ రంగారావును. కాసేపు సిగ్గు, కాసేపు ఒయ్యారం, అంతలో ఛాతీ విరుచుకుని లేని మీసం మీదికి చెయ్యి వెళ్తుంది. వెళ్లిన చెయ్యి తన తప్పు తెలుసుకుని మళ్లీ సిగ్గులోకి దిగిపోతుంది. పెళ్లి పాటలో సుశీల గొంతు మధ్య ఘంటసాల గొంతు హఠాత్తుగా బయటపడుతుందని మనకు చెవి ద్వారా తెలుసు. చెవులు మూసుకుంటే, ఆ మగ గొంతు ఎక్కడ బయటపడిందో సావిత్రి మెడను చూసి చెప్పేయవచ్చు. మెడ బిగుస్తుంది, కనుబొమ్మలు దగ్గరకొస్తాయి, ఆ మరుక్షణం ముఖం మళ్లీ పెళ్లికూతురిది. రంగారావు ఘటోత్కచుడిగా వేసినప్పటి గద్దింపు, నవ్వు, తలెగరేయడం అన్నీ ఆమె ఎక్కడో కూర్చుని గమనించి ఉండాలి. పెళ్లిపీటల మీద లక్ష్మణకుమారుడి కాలు తొక్కినప్పుడు హాలు హాలంతా రేలంగి ముఖం చూసి నవ్వుతుంది. ఆయన ముఖం అలాంటిది, చూడక తప్పదు. ఒక్కసారి మాత్రం రేలంగిని వదిలేసి పక్కన చూడండి. తలవంచుకున్న ఆ పెళ్లికూతురి ముఖంలో ఎంత తృప్తి ఉంటుందో!

ఇది రాసి పంపితే ఒక పత్రికవారు ‘ఇందులో కబుర్లు లేవు’ అని వెనక్కి పంపారు. కబుర్లంటే వాళ్ల ఉద్దేశం తెర వెనక సంగతులు. ఎవరు ఎవరితో అలిగారు, ఎవరి బదులు ఎవరు వచ్చారు, ఎంత ఖర్చయింది, ఎన్ని రోజులాడింది. ‘మిస్సమ్మ’ అనగానే మొదట భానుమతిని అనుకున్నారనే ముచ్చట రాయకపోతే అది వ్యాసమే కాదన్నట్లు ఉంటుంది. ఆ ముచ్చట నిజమే, నాకూ ఇష్టమే. కానీ పాత సినిమాల మీద మన దగ్గర వచ్చే రాతలు నూటికి తొంభై ఆ ముచ్చట దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చుంటాయి. సినిమా తెర మీద ఆడుతూనే ఉంటుంది, వీళ్లు తెర వెనక నుంచి ఇవతలికి రారు.

‘మిస్సమ్మ’నే తీసుకుందాం. 1955 జనవరిలో సంక్రాంతి ముందు వచ్చిన నవ్వుల సినిమా అని దానికి పేరు. నిజమే, దేవయ్యగా రేలంగి, డిటెక్టివ్‌గా అక్కినేని కనిపిస్తే నవ్వకుండా ఉండలేం. కానీ ఆ నవ్వుకు పునాది నిరుద్యోగం. బి.ఎ. చదివిన ఇద్దరికి ఉద్యోగం లేదు. అప్పాపురం జమీందారు బడికి భార్యాభర్తలైన పంతుళ్లే కావాలంటాడు. ఒకరి ముఖం ఒకరికి సరిగా తెలియని ఇద్దరు జీతం కోసం మొగుడూ పెళ్లాలుగా నటిస్తారు. వాళ్లలో నాయిక మేరీ అప్పుల్లో ఉంది, అప్పిచ్చిన డేవిడ్ పెళ్లి చేసుకొమ్మని వెంటపడుతున్నాడు. స్వాతంత్ర్యం వచ్చి పదేళ్లు కాలేదు, డిగ్రీలు పట్టుకుని రోడ్ల మీద తిరిగే కుర్రకారు ఆ రోజు హాల్లో కూడా ఉండి ఉంటారు. మా నాన్నకు ఆ సినిమా ఎందుకంత ఇష్టమో నాకు చాలాకాలం బోధపడలేదు. ఆయన హాస్యం అంటే పెద్దగా నవ్వే మనిషి కాదు. ఆయన చదువయ్యాక కొన్నేళ్లు ఉద్యోగం లేకుండా అన్నగారింట్లో ఉన్నారని పెద్దమ్మ చెప్పాక ఊహించుకోగలిగాను.

ఆ సినిమాలో జమీందారు గోపాలంగా వేసినప్పుడు ఎస్వీ రంగారావు వయసు 36. ఆయన ముందు ఉద్యోగానికొచ్చిన కుర్రాడిగా నిలబడ్డ ఎన్టీఆర్‌కు 31. తప్పిపోయిన కూతురి కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన తండ్రి మెత్తదనం ఆ ముప్ఫై ఆరేళ్ల మనిషికి ఎక్కడి నుంచి వచ్చిందో! మేరీ విసుక్కున్నా, చిరాకుపడినా ఆయనకు కోపం రాదు. నాలుగేళ్ల ముందు ఇదే మనిషి నేపాళ మాంత్రికుడు.

చందమామకు చెప్పుకునే పాట దగ్గర దర్శకుడు ఎల్వీ ప్రసాద్ చేసిన పని చాలా పొందికైనది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు చంద్రుడికి ఫిర్యాదు చేసుకుంటారు. ముఖాముఖి మాట్లాడుకుంటే పోట్లాట అవుతుంది కాబట్టి మూడో మనిషి కావాలి. ఫిర్యాదు చేసేకొద్దీ వాళ్లు దగ్గరవుతున్నారని మనకు తెలుస్తుంది, వాళ్లకు తెలియదు. ఏ.ఎం. రాజా, పి. లీల గొంతుల్లో పోట్లాటకు చాలినంత కారం ఉండదు. అందులోనే ఉంది కిటుకు.

దొరికే కాపీల గురించి కాస్త చెప్పుకోవాలి. ఇప్పుడు ఫోనులో వేలు ఆనిస్తే ఏ సినిమా అయినా వస్తుంది, నిజమే. ఏం వస్తుందో చూడండి. నలుచదరానికి దగ్గరగా ఉండే పాత తెరను ఇప్పటి వెడల్పు తెర నిండా సాగదీసి పెడతారు. సన్నగా ఉండే రమణారెడ్డి కూడా ఒళ్లు చేసినట్లు కనిపిస్తాడు. లేదంటే పైనా కిందా కోసేస్తారు, నాట్యం చేసే పాదాలు మాయమవుతాయి. మూలన ఛానెల్ ముద్ర, కింద పరుగెత్తే ప్రకటన. పాటల మధ్య చరణం ఎగిరిపోయి ఉంటుంది. నిడివి తగ్గించడానికి కత్తెర వేసినవారికి ఏ చరణమైనా ఒకటే. ‘మాయాబజార్’కు 2010లో రంగులు వేసి హాళ్లలో విడుదల చేశారు. పిల్లలు కొత్తగా చూశారు, మంచిదే. నాకు మాత్రం బార్ట్లీ వెలుగు నీడలతో తీర్చిన ఆభరణాల మెరుపు ఆ రంగుల కింద అణిగిపోయినట్లు అనిపించింది. శ్రమపడి చేశారని తెలుసు, అయినా నలుపు తెలుపు కాపీనే దాచుకున్నాను.

సాగదీసినదైనా, కోసినదైనా, ఉన్నందుకు సంతోషించాలేమో. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో వచ్చింది. దాని కాపీ ఒక్కటీ మిగల్లేదు. పేర్లు, ఫోటోలు, పాటల పుస్తకాలు మిగిలి బొమ్మ పోయిన సినిమాలు మనకు చాలా ఉన్నాయి. అమ్మ పెట్టెలోని కట్టలో కొన్ని కథాసంగ్రహాలకు శేషం ఇక ఏ తెర మీదా దొరకదు.

మాయాబజార్‌లో ప్రియదర్శిని పెట్టె వచ్చినప్పుడు మా అమ్మాయి, ‘నాన్నా, ల్యాప్‌టాప్!’ అని కేక వేసింది. ఇప్పటి పిల్లలందరూ అదే అంటారట. తెరిచి చూస్తే ఎవరికి ఏది ప్రియమో అది కనిపించే పెట్టె. ఢిల్లీలో టెలివిజన్ ప్రయోగాలు మొదలైందే 1959లో, ఆ పెట్టె అంతకు రెండేళ్ల ముందే వచ్చింది. శశిరేఖకు అభిమన్యుడు, రేవతికి నగలు, బలరాముడికి దుర్యోధనుడు, కృష్ణుడికి శకుని. పాత్రల లోపలి సంగతులన్నీ నిమిషాల్లో చెప్పేశారు దర్శకుడు కె.వి. రెడ్డి, పైసా ఉపన్యాసం లేకుండా. అంత తెలివిగా కథ నడిపినవారు తక్కువ. పాండవుల కోసం ఇంత హడావుడి జరిగే సినిమాలో తెర మీద ఒక్క పాండవుడూ ఉండడు, ఆ లోటు ఎవరికీ తెలియదు.

అమ్మాయితో అన్ని సినిమాలూ ఇంత సాఫీగా సాగలేదు. ‘గుండమ్మ కథ’ దగ్గర మా ఇద్దరికీ పేచీ వచ్చింది. నాకు ఆ సినిమా ప్రాణం. 1962 నాటి ఆ ఇల్లు, ఆ వంటిల్లు, పిండి రుబ్బుతూ పాడే ఎన్టీఆర్, గుమ్మంలో నిలబడి అన్నీ చూసే గుండమ్మగా సూర్యకాంతం. ఆమె దుర్మార్గురాలు కాదు, ఇల్లు చేజారిపోతుందేమోనని భయపడే మనిషి. నోటి దురుసు వెనక ఆ భయం ప్రతి సన్నివేశంలోనూ కనిపిస్తుంది. చివర్లో ఆమె మీద జాలి కలుగుతుందంటే అది రచన కన్నా సూర్యకాంతం గొప్పతనం. ఇదంతా అమ్మాయి ఒప్పుకుంది. ‘కానీ గుండమ్మ కూతురు సరోజను మొగుడు కష్టపెట్టి దారికి తెచ్చుకోవడం ఏమిటి నాన్నా? అబద్ధం చెప్పి పెళ్లి చేసుకున్నది అతను. పాఠం నేర్చుకోవాల్సింది ఆమా?’ అంది.

ఆ రోజుల్లో అలాగే ఉండేది అని నేను అనవచ్చు. అలా అనడం సమీక్షకుడికి చాలా వీలైన మాట కూడా. కానీ మల్లీశ్వరిలో తల్లి ఆశను తప్పుపట్టకుండా అర్థం చేసుకున్న సినిమాలూ ఆ రోజుల్లోనివే. మేరీ తన మతం, తన కోపం ఏదీ వదులుకోకుండా ఎదురు నిలిచిన సినిమా ‘గుండమ్మ కథ’ తీసిన విజయావారిదే, అదీ ఏడేళ్ల ముందు. కాబట్టి కాలాన్ని అడ్డం పెట్టుకోవడం కుదరదు. సరోజ కథ వచ్చే భాగాలను నేను ఇప్పటికీ నవ్వుతూనే చూస్తాను, జమున అంత బాగా చేసింది మరి. రాసేటప్పుడు మాత్రం అమ్మాయి అన్న మాట కూడా రాస్తాను. ఇష్టమైన సినిమాలో తప్పు చూపిస్తే పాఠకులకు కోపం వస్తుంది. ఒకాయన ఉత్తరం రాశారు, ‘పెద్దలు తీసిన సినిమాను వేలెత్తి చూపడానికి మీరెవరు?’ అని. టిక్కెట్టు కొన్నవాడినని జవాబిచ్చాను. నేల టిక్కెట్టే అయినా.

ముళ్లపూడి వెంకటరమణ గారు సినిమాలకు రాయకముందు ఆంధ్రపత్రికలో సినిమా సమీక్షలు రాసేవారు. ఆ తరంవారికి తీసేవాళ్లు ఎదురుగానే ఉండేవారు, పొద్దున సమీక్ష రాస్తే సాయంత్రం ఏదో ఒక చోట ఎదురుపడేవారు. మాకు ఆ ఇబ్బంది లేదు. తీసినవారూ వేసినవారూ దాదాపు అందరూ వెళ్లిపోయారు. పొగిడితే సంతోషించేవారు లేరు, తెగిడితే బాధపడేవారు లేరు. అందుకని పొగడ్త చవకైపోయింది.

ప్రస్తుతం నా బల్ల మీద ఉన్నది ‘నర్తనశాల’. రంగారావుకు జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి తెచ్చిన కీచకుడి గురించి రాయాలి. నటన గొప్పదని వేరే చెప్పనక్కర్లేదు. ఆ కీచకుడు సైరంధ్రిని చూసే మొదటి చూపులో కామం కన్నా ఆశ్చర్యం ఎక్కువుందని నాకు అనిపిస్తోంది. ఇంతవరకూ అతనికి కాదన్నవాళ్లు లేరు, కాదనగల మనిషిని మొదటిసారి చూస్తున్నాడు. మా ఆవిడ ఇందుకు ఒప్పుకోదు. అది ఆశ్చర్యం కాదు, అంగట్లో వస్తువును చూసినట్లు చూశాడు అంటోంది. నిన్న రాత్రి ఆ సన్నివేశం వెనక్కీ ముందుకూ తిప్పి ఇద్దరం చూశాం. ఆవిడ తన మాట మీదే ఉంది, నేను నా మాట మీదే ఉన్నాను. ఆదివారం అమ్మాయి వస్తుంది, తనకూ చూపించాలి. ఈలోగా వ్యాసంలో ఆ పేరా ఖాళీ వదిలి, సైరంధ్రిగా వేసిన సావిత్రి గురించి మొదలుపెట్టాను.